పదింటికి సైరన్ లేదు

1974 ఫిబ్రవరి 3, ఆదివారం

లింగారెడ్డి గారి ముంజేతికి నాలుగు కుట్లు. పార అంచు తగిలిందట. తగలడమేమిటి... తగిలించింది సొంత తమ్ముడు.

ఒకే బావి, ఒకే మోటరు, ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన మా ఇంటి ఓనరు లింగారెడ్డి. చిన్నాయన సాయిరెడ్డి, ఈ చిట్కుల్ ఊరికి ఆ చివర ఇల్లు. బావి దగ్గర రాతి తొట్టి, తొట్టికి రెండు కాలువలు — ఎగువది అన్నది, దిగువది తమ్ముడిది. యాసంగి వరి, మా వైపు దాళ్వా అంటాం. కరెంటు ఇచ్చేది పొద్దున్న ఆరింటి నుంచి రెండింటి దాకా. మొదటి నాలుగు గంటల నీళ్లు అన్నవి, తర్వాత నాలుగు గంటలు తమ్ముడివి. ఆరింటికి మా ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది, రెండింటికీ మోగుతుంది. పదింటికి సైరన్ లేదు. పదింటిని తొట్టి పక్కన పాతిన రాయి నీడలో చూసుకుంటారు. నీడ కదా, ఎవరికి కావలసిన చోట వాళ్లకు కనబడుతుంది.

నర్సమ్మ గారు మొగుడి చేతికి పసుపు అద్దుతూ మరిదిని తిడుతూనే ఉంది.

ఫిబ్రవరి 5

మనకెందుకండీ వాళ్ల నీళ్ల తగువు అంటుంది కమల. కిరాయి కడుతున్నాం, ఉంటున్నాం. గుడివాడ నుంచి ఇంత దూరం వచ్చింది ఉద్యోగానికి గానీ పెద్దరికానికి కాదట. నిజమే. కానీ మేం వచ్చిన కొత్తలో, ఆంధ్రావాళ్లకు ఇల్లివ్వమని ముగ్గురు మొహం మీద చెప్పిన ఊళ్లో, ముందు గది ఖాళీ చేసి ఇచ్చింది ఈయనే. ఈ పొద్దున్న కట్టు కట్టిన చేత్తోనే పార పట్టుకుని పోతున్నాడు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఫిబ్రవరి 10, ఆదివారం

సెలవు. నీళ్లు ఎలా చేతులు మారతాయో చూద్దామని బావి దగ్గరికి వెళ్లాను.

వాళ్ల నాయన పోయేముందు ఒక కట్టుబాటు పెట్టాడట. ఎవరి వంతు అయిపోతే వాళ్లే తమ కాలువకు మట్టి వేసి మూయాలి. అవతలివాడు ముట్టుకోకూడదు. మూసి, "ఇగ నీదే" అని నోటితో చెప్పాలి. ఆ మాట విన్నాకే రెండోవాడు తన కాలువ తెరవాలి. పదేళ్లుగా రోజూ ఇదే.

నీడ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. నీడ ఇంకా తొట్టి అంచు మీద పడలేదని అన్న, పడి పావుగంటయిందని తమ్ముడు. నేను వాచీ చూసి పదీ ఏడు అన్నాను. నీ వాచీ ఎవరి దిక్కు అన్నట్టు ఇద్దరూ నన్ను చూశారు. చివరికి అన్న మట్టి వేశాడు. మొహం పక్కకు తిప్పుకుని, "ఇగ నీదే." తమ్ముడు తన కాలువ తెరిచి, అన్న చేతి కట్టు వైపు చూసి, "మందు వెట్టుకున్నవా" అన్నాడు. పెద్దాయన వెంటనే వెళ్లిపోలేదు, అక్కడే కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

ఈ తతంగమంతా ఒక రేకు తలుపు చేసే పని.

ఫిబ్రవరి 12

దొరికింది! అలారం గడియారం. అలారం మోగుతున్నంతసేపూ వెనక కీ గిర్రున తిరుగుతుంది. ఆ కీకి దారం కడితే దారం చుట్టుకుంటుంది. దారం రెండో కొసకు పిన్ను. పిన్ను జారితే రేకు తలుపు పడి అన్న కాలువ మూసుకుంటుంది. పడే తలుపు బరువుకే, తాడు మీద, తమ్ముడి కాలువ తలుపు పైకి లేస్తుంది. సరిగ్గా పదింటికి. మనిషి అక్కర్లేదు, నీడ అక్కర్లేదు, పార అసలే అక్కర్లేదు.

టూల్ రూమ్ బల్ల మీద సుద్దతో గీస్తుంటే ఫోర్‌మన్ వచ్చి చూశాడు. చూహేదాన్ చేస్తున్నావా అని అడిగాడు. ఎలుకల బోనట. నవ్వుకోనీ.

ఫిబ్రవరి 13

ఇంట్లో ఉన్న అలారం గడియారం ఒక్కటే. కమలకు పుట్టింటివాళ్లు ఇచ్చింది. అడగడానికి ఒక పూట పట్టింది. ఇచ్చింది. మిమ్మల్ని అయిదింటికి లేపడానికి ఇక నేనే గడియారాన్ని, అంది. అంటూ దాని అద్దం కొంగుతో తుడిచింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

బిగించాను. ఇద్దరన్నదమ్ములూ చెరో పక్క నిలబడి చూశారు. ఇద్దరూ నమ్మాలంటే గడియారం ఇద్దరి చేతుల్లోనూ ఉండకూడదు. చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా దగ్గర. రోజూ కీ ఇచ్చి పిన్ను పెట్టేది నేనే.

రేకు అంచులకు రబ్బరు పట్టీ వేయాలి, లేకపోతే సందుల్లోంచి కారుతుంది. ఇవాళ పటాన్‌చెరులో దొరకలేదు. వచ్చే ఆదివారం చూడాలి.

ఫిబ్రవరి 18

నవ్వులపాలు. నిన్న సాయంత్రం అయిదింటికి, పదికి అలారం పెట్టి వచ్చాను. అది నిన్న రాత్రి పదికే మోగి తలుపు వేసేసింది. గడియారానికి పగలూ రాత్రీ ఒకటేనని పదకొండేళ్లు ఫిట్టరు పని చేసినవాడికి తట్టలేదు. పొద్దున్న ఆరింటికి అన్న కాలువ మూసి ఉంది, తమ్ముడి మడి నిండుతోంది. పెద్దాయన తలుపు చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడట. తమ్ముడు వచ్చి కింద రాయి ఆనించాడట. ఇద్దరూ నా తెలివి గురించి చెప్పుకుని నవ్వుకున్నారని నర్సమ్మ గారు చెప్పింది.

ఇక పొద్దున్న అయిదున్నరకు, షిఫ్టుకు పోతూ పెట్టాలి. దారి ఎలాగూ బావి పక్క నుంచే. మా టూల్ రూమ్‌కు ఎప్పుడూ ఒకటే షిఫ్టు, ఆరు నుంచి రెండు.

ఫిబ్రవరి 20

పని చేసింది. రెండున్నరకు తిరిగొస్తూ చూశాను. అన్న తలుపు కింద, తమ్ముడి తలుపు పైన. ఎవరూ లేరు. అంత నిశ్శబ్దం నేను ఆ బావి దగ్గర ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 26

వారం గడిచింది. ఒక్క తగువు లేదు. ఊళ్లో నా పేరు గడియారం సారు. పెద్ద పటేలు స్వయంగా వచ్చి చూసి, తన బావికీ ఒకటి చేసిపెట్టమన్నాడు. పది మంది చుట్టూ ఉన్నారు. నీళ్లు కారయా అని అడిగాడు. చుక్క కారదు పటేలా, అన్నాను.

కారుతుంది. రబ్బరు ఇంకా వేయలేదు. నోటికి వచ్చేసింది, అనేశాను.

మార్చి 5

సాయిరెడ్డి దారిలో ఆపాడు. "సారు, నీ తలుపు జెర కారుతున్నది. నా వంతు నీళ్లు మా అన్న మడిలకు పోతున్నయి." పక్కన ఇద్దరు నిలబడి వింటున్నారు, అందులో ఒకడు పటేలు జీతగాడు. కారదు, నీకు అనుమానం ఎక్కువ అన్నాను. అతను నా వైపు కాసేపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఈ ఆదివారం రబ్బరు తప్పకుండా.

మార్చి 10, ఆదివారం

పటాన్‌చెరు పోలేదు. ఎండ. బద్ధకం.

మార్చి 14

అన్నదమ్ములకు తగువుతో పాటు మాటలూ ఆగిపోయాయండీ, అంది కమల. తగువు ఆగింది కదా, చాలదా అన్నాను. తను మళ్లీ గిన్నెల వైపు తిరిగింది.

కానీ నిజం. ఇదివరకు పదింటికి తిట్టుకోవడానికైనా ఒకరి మొహం ఒకరు చూసేవారు. ఇప్పుడు ఆ పనే లేదు. సాయిరెడ్డి కూతురికి జ్వరం వచ్చి దవాఖానలో పెడితే అన్నకు నాలుగు రోజులకు గానీ తెలియలేదు. నాకొక మాట చెప్పలేదని పెద్దాయన భగ్గుమన్నాడు. చెప్పడానికి ఎక్కడ కలుస్తారు? అన్నకు కోపం, ఆ కోపం సంగతి విని తమ్ముడికి ఇంకా కోపం. ఇప్పుడు ఎదురుపడినా పలకరించుకోవడం లేదట.

నేను చేసింది మంచిపనే. మంచిపనే.

మార్చి 27, బుధవారం

రాయాలి.

రెండున్నర. షిఫ్టు దిగి వస్తున్నాను. బావి దారి. తలుపు పడి ఉంది. ఎగువ కాలువ గట్టు మీద రెండు కాళ్లు కనబడ్డాయి. పెద్దాయన పడుకున్నాడనుకున్నాను. ఆయనకు అలవాటే, గడ్డి చెక్కి అలిసిపోతే గట్టు మీద నడుం వాలుస్తాడు. దాటి నాలుగడుగులు వేశాను కూడా. ఎండ చూసి అనుమానం వచ్చింది. రెడ్డిగారూ అని పిలిచాను. రెండుసార్లు. దగ్గరికి వెళితే తల వరిలో ఉంది. నోరు ఒక పక్కకు పోయింది. ఒక కన్ను తెరిచి ఉంది, నన్నే చూస్తోంది.

అరిచాను. దిగువ మడిలోంచి మొదట పరుగెత్తుకొచ్చింది సాయిరెడ్డే. అన్నను రెండు చేతులా ఎత్తుకున్నది అతనే. ఎడ్లబండి... ఇస్నాపూర్ రోడ్డు మీద లారీ... సంగారెడ్డి దవాఖాన.

ఆయన చొక్కాకు అంటిన బురద ఎండిపోయి పెళ్లలుగా రాలుతోంది. కాలువలో నీళ్లు ఆగిపోయి చాలాసేపయింది కదా. ఆపింది నా గడియారం.

మార్చి 28

పక్షవాతం. కుడి పక్క మొత్తం పోయింది. మాట పోయింది. ప్రాణానికి భయం లేదన్నారు. ఎప్పుడు పడ్డాడని డాక్టరు అడిగాడు. ఎవరికీ తెలియదు. ఎనిమిదింటికి అటు పోయిన గొల్లాయన పలకరిస్తే బాగానే మాట్లాడాడట. సద్ది కట్టుకుపోయిన మనిషి రెండింటికి గానీ రాడు, అందుకే నర్సమ్మ గారు వెతకలేదు. ఎనిమిదికీ రెండున్నరకీ మధ్య ఎప్పుడో. తొందరగా తెచ్చి ఉంటే కొంత నయమయ్యేదా అని అడిగాను. అవునన్నాడు డాక్టరు. మామూలుగా, చొక్కా కొలతలు చెప్పినట్టు చెప్పాడు.

ఇదివరకైతే పదింటికి తమ్ముడు వచ్చేవాడు. "ఇగ నీదే" అనే మనిషి కనబడకపోతే అన్నా అని కేకేసేవాడు. నా బుర్ర నిండా ఇదే.

ఇంకొకటి. దవాఖానకు బయలుదేరకముందు, తెల్లవారుతూ కీ ఇవ్వడానికి వెళ్లాను. తలుపు అంచుల వెంట మట్టి మెత్తి ఉంది. కారే సందులన్నీ మూసుకుపోయాయి. ఎండిన మట్టి మీద వేళ్ల గుర్తులు. నిన్న అయిదున్నరకు ఆ మట్టి లేదు, తలుపు ఎత్తి పిన్ను పెట్టింది నేనే. రెండున్నర తర్వాత అక్కడ ఎవరూ లేరు, అందరూ దవాఖానలోనే. అంటే పదింటికి తలుపు పడ్డాక, నీళ్లు పారుతున్నప్పుడు ఎవరో పెట్టారు. పెద్దాయన పెట్టడు, కారే నీళ్లు ఆయన మడికే లాభం. ఇంకెవరు? అక్కడి నుంచి ఆయన కాళ్లు ఉన్న చోటికి అడుగులు వేశాను. పద్దెనిమిది.

స్క్రూడ్రైవరుతో మట్టి గీకేశాను. తలుపు లేవాలి కదా, అందుకని.

మార్చి 31, ఆదివారం

పెద్ద పటేలు ఇంటి అరుగు మీద పంచాయతీ. నర్సమ్మ గారు నిలబడే మాట్లాడింది. సాయిరెడ్డి చూసి కూడా వదిలేసి పోయాడని, అన్న చస్తే బావి మొత్తం తనదే అవుతుందని అనుకున్నాడని. సాయిరెడ్డి తల ఎత్తలేదు. ఆ పూట మీదికి, తొట్టి దగ్గరికే రాలేదన్నాడు.

పెద్దలు అటూ ఇటూ మాట్లాడుకుని ఒక మాటకొచ్చారు. చూసి వదిలేసినట్టు తేలితే సాయిరెడ్డికి బావిలో వాటా బంద్. వరి పొట్టకొచ్చి ఉంది. ఇప్పుడు నీళ్లాగితే నాలుగెకరాలూ గడ్డే, అప్పుడు వాళ్లు ఏం తింటారు.

పటేలు నన్ను పిలిచాడు. "సారు, నీ గడియారం నీళ్లు మలుపుతది గద. పదింటికి సాయిరెడ్డి మీదికి రావాల్సిన పని ఏమన్న ఉంటదా?"

అందరూ నా వైపే. నర్సమ్మ గారు కూడా.

ఏ పనీ ఉండదు పటేలా, అన్నాను. తలుపు దానంతటదే పడుతుంది. చుక్క కారదు.

సాయిరెడ్డి తప్పు లేదని తేల్చేశారు. మనుషులు లేచిపోయారు. సాయిరెడ్డి మాత్రం అలాగే కూర్చున్నాడు, నా కాళ్ల వైపు చూస్తూ.

ఏప్రిల్ 1

అతన్ని కాపాడదామని చెప్పానా? కాదు. ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది నాలుగెకరాల వరి కాదు. తలుపు కారుతుందని పది మందిలో ఒప్పుకోవాల్సి వస్తుందని. అంతే.

ఏప్రిల్ 2

తేలు కుట్టిన దొంగలా ఉంది.

ఏప్రిల్ 6

పెద్దాయనను ఇంటికి తెచ్చారు. మా గది పక్క వసారాలో మంచం. గొంతులోంచి ఒక శబ్దం వస్తుంది, మాట కాదు. ఎడమ చెయ్యి కదులుతుంది. నన్ను చూడగానే ఆ చెయ్యి లేచింది. నేను లోపలికి వచ్చేశాను.

ఏప్రిల్ 9

పెద్దాయన ఎడమ చేత్తో మంచం పట్టెను తడుతున్నాడు. అరచేయి చాపి, తట్టి, పక్కకు రాసి, మళ్లీ తట్టి. జొన్నరొట్టె అడుగుతున్నాడనుకుంది నర్సమ్మ గారు, రొట్టె చేసేటప్పుడు చెయ్యి అలాగే ఆడుతుంది కదా. ఆ ఎండలో పొయ్యి ముందు కూర్చుని చేసి, పాలల్లో నానబెట్టి నోట్లో పెట్టింది. ఉమ్మేశాడు. మళ్లీ తట్టాడు. ఆవిడ మళ్లీ చేసింది. మూడు పూటలుగా ఇదే.

ఆ వేళ్ల గుర్తులు గీకిన చెయ్యి నాది. ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. అంటే ఆయన చూశాడు. పడిపోయి, పిలవలేక, వరి సందులోంచి తమ్ముడు మట్టి మెత్తడం చూస్తూ ఉన్నాడు.

ఏప్రిల్ 10

కమలకు చెప్పాలనుకున్నాను. అన్నం పెడుతోంది. చెప్పలేదు.

ఏప్రిల్ 12

తెల్లవారి అయిదున్నర. బావి దగ్గర సాయిరెడ్డి కూర్చుని ఉన్నాడు. నా కోసమే.

"మట్టి నువ్వే తీసినవా సారు?"

అవునన్నాను.

తొట్టిలోకి చూస్తూ చెప్పాడు, నాకు చెబుతున్నట్టు కాదు. ఆ రోజు కారుతున్న నీళ్లు చూసి ఓపిక పట్టలేక పైకి వచ్చాడు. సందులకు మట్టి పెట్టాడు. లేచేటప్పుడు గట్టు మీద కాళ్లు కనబడ్డాయి.

"పండుకున్నడనుకున్న. లేపితె తిడ్తడు... మా ఇద్దరికి మాటలు లేకపాయె. సప్పుడు చెయ్యకుంట దిగిపోయిన."

నేనూ అలాగే అనుకున్నాను. నేనూ నాలుగడుగులు దాటాను. కానీ నాకు ఆయనతో మాటలు ఉన్నాయి, పిలిచాను. ఆ ఒక్క పిలుపే తేడా. ఆ మాటలు పోగొట్టింది ఎవరో మా ఇద్దరికీ తెలుసు.

"వదినెకు చెప్తా సారు. కాళ్ల మీద పడ్త. ఏమన్న గానీ." అన్నాడు.

వద్దన్నాను. నీ వాటా పోతుంది, వరి పోతుంది, ఇప్పుడు చెబితే ఎవరికి లాభం అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను విని, సరే సారు అని లేచాడు. నడుం వంగిపోయి నడిచాడు. నాకంటే చిన్నవాడు.

అతను చెబితే నా అబద్ధమూ బయటికి వస్తుంది. వద్దన్నది అందుకే. ఈ పేజీకైనా నిజం చెప్పాలి కదా.

ఏప్రిల్ 14, ఆదివారం

పటాన్‌చెరు పోయి రబ్బరు తెచ్చాను. రెండో దుకాణంలోనే దొరికింది. పావుగంట పని. బిగించాను. ఇప్పుడు నిజంగానే చుక్క కారదు.

తొట్టి గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఏప్రిల్ 18

తీసేస్తానన్నాను నర్సమ్మ గారితో. గడియారం, తలుపులు, అన్నీ. పాత పద్ధతిలో మీరే ఒకరికొకరు నీళ్లు అప్పజెప్పుకోండి అన్నాను. ఇప్పుడు పొలం పని ఆవిడదే. మోకాళ్ల దాకా చీర ఎగగట్టి, ఆరింటికే పోతుంది.

"తియ్యొద్దు సారు. వాని మొఖం సూడకుంట నీళ్లు రావాలె నాకు. గందుకే ఉండనియ్యి."

నేను దాన్ని కట్టింది దెబ్బలాట ఆపడానికి. ఇప్పుడు దాంతో ఇంకో పని జరుగుతోంది. అది మాత్రం చక్కగా, ఒక్క నిమిషం తేడా లేకుండా జరుగుతోంది.

ఏప్రిల్ 21, ఆదివారం

తట్టడం ఆపలేదు. మంచం పట్టె మీద ఆ చోట నున్నగా అయింది. ఆయన రొట్టె అడగడం లేదనిపిస్తోందండీ, అంది కమల. నా మొహం చూస్తూ అంది. మరేమిటి అన్నాను. మీకే తెలియాలి, అంది.

ఏప్రిల్ 24

క్వార్టర్ వచ్చింది. మూడేళ్లుగా ఎదురు చూసిన కాగితం. సోమవారం దిగాలి. కమల సంతోషపడలేదు, నేనూ పడలేదు. సామాను ఏముంది, రెండు ట్రంకులు, ఒక మంచం. తన పుట్టింటి గడియారం సంగతి కమల అడగలేదు.

ఏప్రిల్ 26

వరికి ఇంకా పది రోజులు నీళ్లు కావాలి. తాళంచెవి ఎవరికివ్వాలి?

సాయిరెడ్డి దగ్గరికి వెళ్లాను. ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా. "అది నా చేతిల ఉంటె ఊరు ఏమంటది సారు. వదినె ఏమంటది." నర్సమ్మ గారిని అడిగితే, ఆవిడ చేతిలో ఉంటే మరిది నమ్మడంది. నువ్వే రోజూ వచ్చి పెట్టిపో, అంది. క్వార్టర్ నుంచి నాలుగు మైళ్లు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు ఉన్నది ఒక్క నుయ్యే, దాని చుట్టూనే తిరుగుతున్నాను.

ఏప్రిల్ 27

తిలా పాపం తలా పిడికెడు అని సర్దిచెప్పుకుంటున్నాను. పెద్దాయన పిడికిట్లో ఏ పాపం ఉందని?

ఏప్రిల్ 28, ఆదివారం

సాయంత్రం. నర్సమ్మ గారు పెరట్లో ఉందనుకున్నాను. వెళ్లి మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఇరవై రోజుల్లో మొదటిసారి.

ఆయన చెయ్యి లేచింది. తట్టడం మొదలుపెట్టింది.

చెప్పాను. మట్టి చూశాను రెడ్డిగారూ. గీకింది నేనే. తలుపు కారుతుందని నాకు ముందే తెలుసు, కారదని ఊరందరికీ అబద్ధం చెప్పాను. మీరు పడుకున్నారనుకున్నాడు మీ తమ్ముడు. మాటలు లేక పిలవలేదు. చెబుతానంటే వద్దన్నదీ నేనే.

చెయ్యి ఆగింది. ఎడమ కన్ను నా మీదే ఉంది. కోపమా, ఇంకేమైనానా, ఆ మొహంలో తెలియదు. సగం మొహంలో ఏం తెలుస్తుంది. కంటి కొస నుంచి నీళ్లు చెవిలోకి జారాయి. తుడిచాను. తుడవనిచ్చాడు.

తర్వాత అరచేయి పైకి తిప్పి చాపాడు. అర్థం కాలేదు. ఆయన నా జేబు వైపు చూస్తున్నాడు. తాళంచెవి తీసి అందులో పెట్టాను. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

వెనక్కి తిరిగితే గుమ్మంలో నర్సమ్మ గారు. చేతిలో రొట్టెల పళ్లెం. ఎంతసేపటి నుంచి ఉందో. పళ్లెం కింద పెట్టింది. మొగుడి పిడికిలి విప్పబోయింది. వదల్లేదు. రెండు చేతులతో ప్రయత్నించింది. బతికి ఉన్న ఆ ఒక్క చేతిలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో... ఆవిడ వదిలేసి మంచం పట్టె మీద కూర్చుంది, ఆయన తట్టి తట్టి నున్నగా చేసిన చోట.

"తాళంచెవి లేకుంటె గడియారం నడువది గద సారు," అంది.

నడవదన్నాను.

"అయితె రేపు పదింటికి నేను మూసి, ఇగ నీదే అని మా మరిదికి చెప్పాలె."

అవునన్నాను. విన్నారా అమ్మా అని అడగబోయాను. అడగలేకపోయాను. ఆవిడ లేచి, మూలనున్న పార తీసుకుని, దాని అంచు బొటనవేలితో చూసింది.

ఇప్పుడు కమల ట్రంకు సర్దుతోంది. అవతల వసారాలో శబ్దం లేదు, తట్టడం లేదు. సాయిరెడ్డికి కబురు పంపాలా? ఏమని పంపాలి? రేపు అతను కాలువ దగ్గరికి రాకతప్పదు, ఆవిడ అక్కడ ఉండక తప్పదు. పదింటికి నేను షిఫ్టులో ఉంటాను.